ఆపరేషన్ అయిపోయిందని ఏమరుపాటు వద్దు

కర్నూలు పెద్దాసుపత్రికైనా, కడప రిమ్స్‌కైనా పల్లెల నుంచి వచ్చేవారిది ఒకటే దిగులు. ఆపరేషన్ బల్ల మీద నుంచి మనిషి క్షేమంగా బయటికి వస్తాడా అని. వచ్చాక ఇంటివారంతా ఊపిరి పీల్చుకుంటారు. రోగి మాత్రం పీల్చుకోడు. చిక్కంతా అక్కడే ఉంది.

కడుపు మీద కోత పడినవారికి గట్టిగా ఊపిరి తీస్తే నొప్పి. అందుకని పైపైన తీస్తారు. దగ్గు వచ్చినా అణచుకుంటారు. దాంతో ఊపిరితిత్తుల అడుగు భాగానికి గాలి చేరదు. అక్కడ కఫం పేరుకుంటుంది, సూక్ష్మజీవులు పెరుగుతాయి. నిమ్ము చేరిందని మనం అనేది దీన్నే. నిబ్బరంగా ఉన్న మనిషిని కూడా ఇది ప్రాణాపాయంలోకి నెడుతుంది.

కదిలితే కుట్లు తెగుతాయని పెద్దలు రోగిని కదలనీయరు. ఇది పొరపాటు. డాక్టరు సరేనంటే మరునాడే లేపి కూర్చోబెట్టాలి, నాలుగడుగులు నడిపించాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు నిండుగా ఊపిరి తీయించాలి. దిండునో, మడిచిన దుప్పటినో కోత మీద అదిమి పట్టుకుని దగ్గితే నొప్పి తగ్గుతుంది. రోజూ పళ్లు తోమించడం కూడా అవసరమే. నోటిలోని మురికే ఊపిరితిత్తులకు దిగుతుంది.

బీడీ తాగేవారు ఆపరేషన్‌కు కనీసం నాలుగు వారాల ముందే మానాలి. 2022లో నంద్యాల జిల్లాలో చేరిన బేతంచెర్ల, కొలిమిగుండ్ల, కడప జిల్లా ఎర్రగుంట్ల ప్రాంతాల్లో నాపరాతి పనిచేసేవారు ఎందరో ఉన్నారు. ఏళ్ల తరబడి రాతి దుమ్ము పీల్చిన సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి.

ఆకలికి తట్టుకోలేడని జాలిపడి, ఆపరేషన్‌కు ముందు చాటుగా ఇడ్లీనో, కాఫీనో పెట్టేవారున్నారు. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు చెప్పిన వేళ దాటాక ఏమీ పెట్టరాదు.

ఇక పుండు సంగతి. 1847లో వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, కాన్పులు చేసే వైద్యులచేత బ్లీచింగ్ నీటితో చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు ఒక్కసారిగా తగ్గాయి. నేటికీ మందుల కంటే ముందు చేతుల శుభ్రతే. నీటికి ఎంత కరువైనా రోగిని తాకేముందు సబ్బుతో చేతులు కడగాలి. చూడవచ్చిన బంధువులు మంచం మీద కూర్చోరాదు. కుట్ల మీద పసుపు, బూడిద, ఆకు పసరు పూయరాదు. ఆపరేషన్ చోట వెంట్రుకలను ఇంట్లో బ్లేడుతో గీకరాదు. గీతలు పడి సూక్ష్మజీవులకు దారి ఏర్పడుతుంది.

పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టి చారన్నంతో సరిపెట్టడం మన వైపు అలవాటు. నిజానికి పుండు మానాలంటే కందిపప్పు, గుడ్డు, పాలు కావాలి. డాక్టరు వద్దంటే తప్ప మానిపించవద్దు. చక్కెర జబ్బు ఉంటే దాన్ని అదుపులో ఉంచాలి.

ఇంటికి వచ్చాక 30 రోజుల వరకూ కనిపెట్టి ఉండాలి. జ్వరం, కోత చుట్టూ ఎరుపు, వాపు, చీము కనిపిస్తే అంగట్లో మాత్రలు కొనకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగక 108కు ఫోన్ చేయాలి. రోగికి ఇవన్నీ గుర్తుండకపోవచ్చు. పక్కన కూర్చునే ఇంటివారే గుర్తుంచుకోవాలి.