మనిషికా, ప్రతిపాదనకా?

1980లో యూటా విశ్వవిద్యాలయం నుంచి మారియో కపెకీ అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌కు ఓ దరఖాస్తు పెట్టారు. అందులో మూడు పనులున్నాయి. మొదటి రెండింటినీ నిపుణులు భేషన్నారు. క్షీరద కణంలో కోరుకున్న జన్యువునే వెతికిపట్టి మార్చాలన్న మూడోది మాత్రం అయ్యే పని కాదని తేల్చారు. వాళ్లను తప్పుపట్టలేం. కణంలోకి పంపిన డీఎన్‌ఏ తుంపు సాధారణంగా ఎక్కడ పడితే అక్కడ అతుక్కుంటుంది. మూడు వందల కోట్ల అక్షరాల మధ్య తన జోడీని కనిపెట్టి సరిగ్గా అక్కడే చేరడం బహు అరుదు.

డబ్బు వచ్చింది. కపెకీ దాన్ని దాదాపుగా ఆ మూడో పనికే పెట్టారు! బెడిసికొడితే ఆయన ప్రయోగశాల గతి ఏమయ్యేదో. కానీ పని ఫలించింది. ఫలానా జన్యువు పనిచేయకుండా ఆపేసిన ఎలుకలు లేకుండా ఇవాళ క్యాన్సర్ పరిశోధననే ఊహించలేం. మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లతో కలిసి 2007లో నోబెల్ అందుకున్నారాయన.

నిధులిచ్చినవారి మాట పెడచెవిన పెడితే తప్ప ఇలాంటి పని జరగదా? మరో దారి ఉంది: ప్రతిపాదనకు కాక మనిషికే డబ్బివ్వడం. హోవర్డ్ హ్యూస్ వైద్య సంస్థ చేసేది అదే. ఎంపికైనవారు తమ విశ్వవిద్యాలయంలోనే ఉంటారు, జీతం ఈ సంస్థ ఇస్తుంది. ఏడేళ్లపాటు ఏ ప్రశ్న వెంట పడాలో వాళ్లిష్టం. 2024లో ఎంపికైన 26 మందికి ఒక్కొక్కరికి దాదాపు కోటీ పది లక్షల డాలర్లు కేటాయించారు. గడువు ముగిశాక సమీక్షలో నెగ్గకపోయినా డబ్బు ఉన్నపళంగా ఆగిపోదు, మెల్లగా తగ్గిస్తారు.

మెరికల్ని ఏరుకున్నాక వాళ్లు రాణించడంలో వింతేముంది అనొచ్చు. పియెర్ అజూలే, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ సందేహాన్నే పట్టుకున్నారు. హ్యూస్ శాస్త్రవేత్తల్ని అంతే ప్రతిభ చూపి, ఎన్‌ఐహెచ్ గ్రాంట్లతో నడిచినవారితో పోల్చి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఇతరులు విరివిగా ఉదహరించిన పత్రాలు హ్యూస్ వాళ్లవే చాలా ఎక్కువ. కొత్త దారులు పట్టిందీ వాళ్లే. ఎవరూ పట్టించుకోని పత్రాలు కూడా వాళ్లవే ఎక్కువ! నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించింది ఈ చివరి సంగతే. తప్పటడుగులు పెరగలేదంటే, స్వేచ్ఛ కాగితం మీదే ఉండిపోయిందని అర్థం.

అయితే మనిషిని చూసి ఇవ్వడమంటే పాత రికార్డు చూసి ఇవ్వడమే. పేరున్నవాడికే మరింత పేరు చేరుతుందని సామాజికవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే అన్నారు. కాటలిన్ కారికో సంగతే చూడండి. గ్రాంట్లు రాక, 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హోదా కూడా పోగొట్టుకున్నారు. ఆ ఏడాది ఏ ఫెలోషిప్ సంఘం ముందుకు ఆమె కాగితాలు వెళ్లినా పక్కన పెట్టేసేవారనే నా అనుమానం. ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలకు బాట వేసిన పనికి 2023లో ఆమెకూ డ్రూ వైస్‌మన్‌కూ నోబెల్ వచ్చింది.

అందుకే పేరు రాకముందే అందే ఫెలోషిప్పులు ముఖ్యం. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఇండియా అలయన్స్ హైదరాబాద్ నుంచే నడుస్తోంది. పేరున్నవారికే కాక, అప్పుడే అడుగుపెట్టిన వారికీ ఐదేళ్ల ఫెలోషిప్పులు ఏర్పాటు చేసింది. జీతంతోపాటు పరిశోధన ఖర్చులూ ఫెలో పేరిటే వస్తాయి. వైద్యులకు, ప్రజారోగ్య పరిశోధకులకు విడిగా ఒక విభాగం పెట్టారు. ఓపీ చూసుకుంటూ, వార్డులు తిరుగుతూ పరిశోధనకు పూట దొరకని డాక్టర్‌కు డబ్బు కన్నా ముందు కావలసింది తీరిక. జీతం ఫెలోషిప్ నుంచి వస్తే ఆ తీరికను ఆసుపత్రి యాజమాన్యాన్ని అడగడం కాస్త తేలికవుతుంది.