మనోవ్యాధికి పేరు పెట్టుట

జ్వరమును కొలుచుటకు థర్మామీటరున్నది. రక్తములోని చక్కెరను పరీక్షాశాల లెక్కించి చెప్పును. చిత్తవిభ్రమమునకు గాని విషాదరోగమునకు గాని అట్టి కొలబద్ద నేటికిని లేదు. శరీరవ్యాధి యేదియు కారణము కాదని తేల్చుకొనిన పిమ్మట, రోగి మాట, నడత, నిద్రాహారములు, బంధువులు చెప్పు వృత్తాంతము, వీనిని బట్టియే వైద్యుడు రోగమునకు పేరు పెట్టవలసియున్నది. పేరు తప్పినచో చికిత్స తప్పును. ఒక్కొక్కప్పుడు బ్రదుకే దారి తప్పును.

జర్మను వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఒకనాటి లక్షణములతో తృప్తి నొందక, ఏండ్ల తరబడి వ్యాధి పోకడను గమనించెను. 1899లో ఆయన ఉన్మాదములను రెండు పాయలుగా విభజించెను. క్రమముగా బుద్ధిని క్షీణింపజేయునది యొకటి. ఉద్రేకవిషాదముల నడుమ ఊగుచు, మధ్యమధ్య స్వస్థత నిచ్చునది మరియొకటి. మొదటిదానికి స్విట్జర్లండు వైద్యుడు బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రెనియా యని పేరిడెను.

పేర్లు కుదిరినను వైద్యులకు ఏకాభిప్రాయము కుదురలేదు. న్యూయార్కు ఆసుపత్రులలో స్కిజోఫ్రెనియా రోగులు మెండు. లండనులో ఉద్రేకవిషాద రోగులు మెండు. సముద్రము దాటినంతనే మనస్సు మారునా? ఉభయదేశముల పరిశోధకులు ఒకే ప్రశ్నావళితో రెండు నగరముల రోగులను పరీక్షింపగా, ఆ భేదములో అధికభాగము మాయమయ్యెను. భేదమున్నది ముఖ్యముగా వైద్యుల అలవాటులోనే యని 1972లో తేలెను.

అందుచేత 1980లో అమెరికా మనోవైద్యసంఘము ప్రతి రోగమునకును లక్షణముల పట్టికను, కాలపరిమితిని నిర్ణయించెను. నేటి కూర్పు ననుసరించి విషాదరోగమునకు తొమ్మిది లక్షణములలో ఐదైనను రెండు వారములు నిలువవలెను. వానిలో దిగులో, దేనియందును ఆసక్తి లేకుండుటయో ఒకటి యుండి తీరవలెను. దీనివలన వైద్యుల నడుమ పొత్తు హెచ్చెను. కాని పొత్తు వేరు, సత్యము వేరు. స్వలింగానురాగమును 1973 వరకు రోగముగా లెక్కించినదియు ఆ సంఘమే.

ఈ ప్రమాదమును మన 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గుర్తించినది. రోగనిర్ణయము అంగీకృత వైద్యప్రమాణముల ననుసరించియే జరుగవలెను. సంఘాచారమును పాటింపకుండుట రోగమునకు ఆధారము కారాదు. పూర్వము చికిత్స పొందినంతమాత్రమున నేడు రోగి యనరాదు. రోగమున్నదని తేలినను, న్యాయస్థానము ప్రకటించిననే తప్ప ఆ వ్యక్తిని మతి లేనివానిగా నెంచరాదు.

చట్టము పలికిన ఈ వివేకము ఇరుగుపొరుగులకును అలవడవలసియున్నది. వైద్యుడిచ్చు పేరు చికిత్సకు దారి చూపుటకే. దానిని పట్టుకొని పెండ్లి సంబంధమును, ఉద్యోగమును, ఆస్తిహక్కును త్రోసిపుచ్చువారు రోగముకన్న ఎక్కువ కీడు చేయుదురు.