కంప్యూటర్ తెర రంగులు – కంటికి అనుకూలంగా

కంప్యూటర్ తెర రంగులు మార్చడం పిల్లలు సరదాకి చేసే పని అని మన పెద్దలలో చాలామంది అభిప్రాయం. నా ఉద్దేశం వేరు. ఈ రోజుల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు, ప్రవేశపరీక్షల ఫారాలు, ఫలితాలు చాలావరకు తెర మీదే చూడాలి. అక్షరం సరిగా కనబడకపోతే మంచి మార్కులున్న విద్యార్థి కూడా ఖాతా నంబరులో ఒక అంకె తప్పు కొట్టవచ్చు. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం విండోస్‌లోనే ఉంది.

1980ల చివర్లో మా బ్యాంకు శాఖకు లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చినప్పుడు నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు ఉండేవి. నచ్చినా నచ్చకపోయినా అంతే. 1992లో వచ్చిన విండోస్ 3.1లో రంగుల జాబితాయే ఉండేది. అందులో 'హాట్‌డాగ్ స్టాండ్' అనే ఎరుపు, పసుపుల కలయికను పది నిమిషాలు చూడటం కష్టం! 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ నీలం, ఆలివ్ ఆకుపచ్చ, వెండి రంగులతో వచ్చింది. మెనూకు, బటన్‌కు, టైటిల్ బార్‌కు విడివిడిగా రంగులు ఇచ్చుకునే సౌకర్యాన్ని 2012లో విండోస్ 8 మామూలు థీమ్‌ల నుండి తీసేసింది. అది నాకు ఇప్పటికీ నచ్చలేదు.

విండోస్ 11లో అయితే తెర మీద ఖాళీ స్థలంలో మౌస్ కుడి బటన్ నొక్కి, 'పర్సనలైజ్', తర్వాత 'కలర్స్' తెరవాలి. అక్కడ లైట్, డార్క్, కస్టమ్ అని మూడు ఉంటాయి. కింద 'యాక్సెంట్ కలర్' మనకు నచ్చినది పెట్టుకోవచ్చు. లైట్‌లో ఉన్నంతసేపు ఆ రంగు టాస్క్‌బార్‌కు రాదు, కంప్యూటర్ చెడిపోయిందని కంగారు పడవద్దు.

డార్క్ కంటికి మంచిదని యువకులు చెబుతుంటారు. అందరికీ కాదు. ఆరోగ్యమైన కళ్ళకు వెలుతురు గదిలో తెల్లని నేపథ్యం మీద నల్లని అక్షరమే సాధారణంగా సులువు. శుక్లాలున్న పెద్దలకు మాత్రం తెల్లని తెర మిరుమిట్లు గొలుపుతుంది గనుక డార్క్ హాయిగా ఉండవచ్చు.

అసలు చూడవలసింది అక్షరానికీ నేపథ్యానికీ మధ్య తేడా. నలుపు తెలుపుల తేడాను 21:1గా లెక్కిస్తారు. మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. లేత బూడిద రంగులో తెలుగు, కన్నడ ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం మీరూ గమనించే ఉంటారు. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ', అందులో 'కాంట్రాస్ట్ థీమ్స్' తెరిచి, అక్వాటిక్, డెజర్ట్, డస్క్, నైట్ స్కై అనే నాలుగింటిలో ఒకటి ఎంచుకుని 'అప్లై' నొక్కాలి. 'ఎడిట్' నొక్కితే నేపథ్యం, అక్షరం, లింకు, బటన్ దేనికి కావలసిన రంగు దానికి ఇవ్వవచ్చు. పోయిందనుకున్న పాత సౌకర్యం ఇక్కడ మిగిలి ఉంది! మామూలు రంగులకు తిరిగి రావాలంటే అదే జాబితాలో 'నన్' ఎంచుకుని మళ్ళీ 'అప్లై' నొక్కాలి.

ఇంకొక ముఖ్య విషయం. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు మగపిల్లలలో ఎక్కువ. చాలామందికి తమకు ఆ లోపం ఉన్నట్టే తెలియదు. ఫారంలో తప్పు పడిన గడిని ఎర్ర గీతతో మాత్రమే చూపిస్తే వారికి అది కనబడకపోవచ్చు. 'యాక్సెసిబిలిటీ'లోనే 'కలర్ ఫిల్టర్స్' ఆన్ చేసి, ఏ ఫిల్టర్‌తో రంగులు బాగా విడిపడి కనిపిస్తాయో ఒక్కొక్కటీ పెట్టి చూడాలి. ఫిల్టర్ తెరకే పరిమితం, ప్రింటులో రంగులు మామూలుగానే వస్తాయి. అది చికిత్స కూడా కాదు. రైల్వే లోకో పైలట్ వంటి ఉద్యోగాలకు రంగుల దృష్టి పరీక్ష ఉంటుంది కనుక, పిల్లవాడు ఆ దారిలో చదువుతుంటే కోర్సు ఫీజు కట్టకముందే కంటి డాక్టరుకు చూపించండి.