కాగితమునకు ఆయువు పోసిన ఊరు

ఇటలీ దేశమునకు పోవు మనవారిలో పెక్కుమంది రోము, ఫ్లోరెన్సు, వెనిసు నగరములను కాళ్లరుగ తిరిగి, కన్నులపండువుగా నున్నదని చెప్పుచు మరలి వత్తురు. ఆ మహానగరముల వైభవమును తక్కువ చేయుట నా యభిమతము గాదు. అయినను, రోమునుండి ఆంకోనా రేవుపట్టణమునకు పోవు రైలుమార్గమున, ఆపెనైను పర్వతపంక్తిని దాటిన పిమ్మట, ఇంచుమించు మూడు గంటల ప్రయాణము ముగియువేళకు తగులునట్టి ఫాబ్రియానో అను చిన్నపట్టణమును చూడనివారికి, ఆ మహానగరముల విద్యావైభవ మంతయు దేనిమీద వ్రాయబడి నేటివరకు నిలిచియున్నదో తెలియదని నిస్సంకోచముగా చెప్పగలను.

నా బాల్యమిత్రు డొకడు ఆ యూర ఇంజనీరుగా నున్నాడు. 1930లో ఆరిస్తీదె మెర్లోని యను నతడు ఆ చెంతనున్న ఆల్బచీనా గ్రామమున తూనికయంత్రములు చేయు కార్ఖానా నెలకొల్పినది మొదలు, ఆ లోయలో గృహోపకరణముల పరిశ్రమ క్రమముగా విస్తరిల్లి, నేడు బట్టలుతుకు యంత్రములకును వంటింటి చిమ్నీలకును ఆ ప్రాంతము పేరుగాంచినది. మిత్రుని జీవిక ఆ యంత్రములతోడిదే యైనను, అతని మనసు మాత్రము కాగితమునందే చిక్కుకొన్నది. నేను రైలు దిగిన వెంటనే, "ఇవాళ ఊరంతా చూడరా. కాగితం సంగతి రేపు పొద్దున్నే మొదలుపెడదాం, దానికి సగంపూట చాలదు" అని తన నిర్ణయమును ప్రకటించెను.

చౌకములో ఒక సాయంకాలము

ఊరికి హృదయమనదగినది నగరసభా చౌకము. 1255లో కట్టబడిన న్యాయాధిపతి భవనము తెల్లని రాతిగోడలతో, పిట్టగోడపై కోటకొమ్ములతో, తన క్రిందుగా జనులు నడిచిపోవుటకు వీలైన పెద్ద కమానుతో గంభీరముగా నిలిచియుండగా, దాని యెదుట 1285 నాటి స్తూరినాల్తో అను వర్తులాకారపు జలయంత్రము, పెరూజా నగరమునందలి ప్రఖ్యాతమైన జలయంత్రమునకు చెల్లెలో యనునట్లు, అంతస్తులు అంతస్తులుగా నీరు జారవిడుచుచుండును. 1997 సెప్టెంబరు 26న ఉంబ్రియా, మార్కె సీమలను వణకించిన భూకంపము ఈ యూరిని సైతము గాయపరచినది. గోడలను పదిలపరచి, రాళ్లను యథాస్థానములందు నిలిపి, పౌరులు తమ చౌకమును మరల నిలువబెట్టుకొనిరి.

పొద్దు వాలునప్పటికి ఊరివారందరును, ముదుసలులు మొదలు తోపుడుబండిలోని పసివారి వరకు, ఈ చౌకమునకు వచ్చి, పనియేమియు లేకయే అటునిటు పచారు చేయుచు, ఎదురైనవారి నెల్ల పేరుపేరున పలకరింతురు. మిత్రుని వెంట నేనును నడచితిని. అతనికి ఎదురుపడిన ప్రతివారును నిలిచి నా యోగక్షేమములు విచారించి, "కాగితం చూశారా?" అనియే యడిగిరి.

ఈ యూర పుట్టిన చిత్రకారుడు జెంతీలె ద ఫాబ్రియానో, పదునైదవ శతాబ్ది ప్రారంభమున ఇటలీయందంతటను కీర్తి నార్జించెను. 1423లో అతడు చిత్రించిన జ్ఞానుల యారాధనా ఫలకము ఫ్లోరెన్సులోని ఉఫీత్సి ప్రదర్శనశాలలో నున్నది. ఈ యూరి చెంతనున్న ముని యాశ్రమమునకై అతడు రచించిన బహుఫలక చిత్రము మిలాను నగరమునకు తరలిపోయినది. తాను కన్నవానిని, తాను చేసినదానిని పరుల కొసగి, తాను మాత్రము మరుగున నుండుట ఈ యూరి స్వభావమేమో యని నా కానాడే తోచినది.

తొట్టి చెంత

మరునాటి యుదయమున కాగిత, నీటిగుర్తుల మ్యూజియమునకు పోయితిమి. పూర్వము డొమినికను సన్న్యాసులకు మఠమైన భవనమది. అక్కడ అద్దాల బీరువాల వెనుక మృతవస్తువులను నిలుపుటతో తృప్తి నొందక, సందర్శకుల కన్నులయెదుట నేటికిని కాగితమును చేయుచున్నారు. ఒకమూల రాతితొట్లమీద కఱ్ఱసమ్మెటలు వరుసగా నిలిచియున్నవి; వాటి మొనలకు ఇనుపమేకులు దిగగొట్టి యున్నారు. నీటిచక్రము తిరుగునప్పుడు దాని యిరుసునకున్న పిడులు ఒక్కొక్క సమ్మెటను పైకెత్తి విడుచును. ఆ దెబ్బలకు నార, జనుము, నూలు బట్టల పాతపేలికలు చీలికలు పీలికలై, తుదకు పాలవంటి గుజ్జగును.

ఆ గుజ్జు కలిపిన వెచ్చని నీటితొట్టి ముందు పనివాడు నిలిచి, ఇత్తడితీగెల జల్లెడ బిగించిన కఱ్ఱచట్రమును రెండు చేతుల పట్టి, నిలువుగా ముంచి, సమతలముగా పైకెత్తి, చేటతో బియ్యము చెరుగు ఇల్లాలి చేతులవలె ముందునకు వెనుకకును, కుడికి ఎడమకును మెల్లగా కదిపెను. ఆ కదలికలోనే యున్నది విద్యయంతయు: తంతువులు ఒకదానిలో నొకటి పెనవైచుకొనుటయు, ఠావు ఆ చివరనుండి ఈ చివరవరకు ఒకే మందమున నేర్పడుటయు దానివలననే. నీరు కారిపోగా, రెండవవాడు చట్రము నందుకొని, దానిని తడి ఉన్నిగుడ్డమీద బోర్లించి, ఠావును గుడ్డకు అప్పగించును. ఇట్లు గుడ్డయు ఠావును, గుడ్డయు ఠావును దొంతిగా పేర్చి, మరయంత్రమున నొక్కి నీటిని పిండినతరువాత, మూడవవాడు ఒక్కొక్క ఠావును నలుగకుండ ఊడదీయును. ముంచువాడు, బోర్లించువాడు, ఊడదీయువాడు: శతాబ్దములనుండి కాగితపు పనికి ఈ మువ్వురును త్రిమూర్తులు.

గంజి పోయి వజ్రము వచ్చె

కాగితము పుట్టినది చీనాదేశమున. అరబ్బుల ద్వారా అది మధ్యధరా తీరములకు చేరినది. కాని ఆనాటి కాగితమునకు పిండిగంజి పట్టించెడివారు. చెమ్మ తగిలినయెడల బూజు పట్టుట, పురుగు తొలుచుట, కొన్నియేండ్లకే పొడియై రాలుట దాని దోషములు. 1231లో రెండవ ఫ్రెడరిక్కు చక్రవర్తి, ప్రభుత్వ దస్తావేజులను కాగితముమీద వ్రాయగూడదనియు, తోలుపత్రములమీదనే వ్రాయవలెననియు శాసించుటకు, నిలుకడలేని ఆ గుణమే కారణమైనది. తాళపత్రములకు పసరును నూనెయును రాచి తరతరములు కాపాడుకొన్న వంశముల వారమగు మనకు, వ్రాసినది నిలుచునో నిలువదో యను బెంగ ఎంతటిదో విప్పి చెప్పనక్కరలేదు.

ఆ బెంగను తీర్చినవారు ఫాబ్రియానో పనివారు. పదుమూడవ శతాబ్ది ద్వితీయార్ధమున వారు సాధించిన మార్పులు మూడు. మొదటిది, ఉన్ని నేతగాండ్రు బట్టను గట్టిపరచుటకు వాడు నీటిసమ్మెటలను పేలికలకు మరల్చి, మునుపు చేతితో దంచగా గరుకుగా నిలిచెడి గుజ్జును వెన్నవలె మెత్తపరచుట. రెండవది, తోళ్లు ఊనెడివారు పారవైచు తునకలను కాచి తీసిన వజ్రమను జిగురును గంజికి మారుగా పట్టించుట. ఆ జిగురు సోకిన ఠావుమీద సిరా అలుకుకొనదు, చెమ్మ చొరదు, పురుగు వాలదు. మూడవది నీటిగుర్తు. జల్లెడమీద సన్నని తీగెను శిలువగానో, కిరీటముగానో, గంటగానో వంచి కుట్టినయెడల, తీగె యున్నచోట గుజ్జు పలుచబడి, ఆరిన ఠావును వెలుతురునకు ఎత్తిపట్టినంతనే ఆ రూపము తళుక్కున కానవచ్చును. నేడు మనము పెద్దనోటును దీపమునకు ఎదురుగా పట్టి గాంధీమహాత్ముని ముఖమును వెదకుచున్నామన్నచో, ఆ పరీక్షకు మూలము ఈ కొండలలోని తీగెపనియే. పొరుగూరైన సస్సోఫెర్రాతోలో జన్మించిన న్యాయశాస్త్రకోవిదుడు బార్తోలో, పదునాల్గవ శతాబ్దిలోనే ఫాబ్రియానో కాగితమును ప్రస్తావించి, గుర్తును బట్టి ఠావు ఎవరి కార్ఖానాదో తెలియునని తన గ్రంథమున వివరించెను.

ఇంతటి పని ఈ యూరనే యేల సాధ్యమైనదని మిత్రుని అడిగితిని. "కమ్మరులు ఇక్కడే, నేతగాళ్లు ఇక్కడే, తోలుపనివాళ్లూ ఇక్కడే. ఒకరి మిగులు ఇంకొకరికి పెట్టుబడి అయింది. మధ్యలో జానో ఏరుంది కదా!" అని అతడు చెప్పెను. ఊరి ముద్రలో నేటికిని ఏటిమీది వంతెనపై సమ్మెట యెత్తిన కమ్మరియే యున్నాడు.

నేటి ఫాబ్రియానో

మధ్యాహ్నమున మిత్రుడు, పర్వతములకు ఆవలనున్న కస్తెల్లూచ్చో మైదానములలో పండు చిరుగింజల పప్పును ఉడికించి, ఆవాలు ఎండుమిరపకాయలతో పోపు పెట్టి, వేడియన్నములో వడ్డించెను. ఆ గింజకు మన పోపు ఎంత చక్కగా కుదిరినదనగా, మారు వడ్డింపకముందే గిన్నె ఖాళీ యైనది.

భోజనానంతరము కాగితముల యంగడికి పోయితిమి. 1782లో పియెత్రో మిలియాని స్థాపించిన కార్ఖానా ఈ యూరి విద్యకు పునర్జన్మ నిచ్చినది. పిదప ఐరోపా దేశముల నోట్ల కాగితము సైతము ఇచ్చట తయారైనది. నేడు హైదరాబాదులోని నీటిరంగుల చిత్రకారుడు కోరి కొను దళసరి ఠావులు ఈ యూరి పేరుతోనే వచ్చుచున్నవి. 2013లో యునెస్కో ఈ పట్టణమును హస్తకళల సృజనాత్మక నగరముగా గుర్తించినది.

ఒక్కమాట చెప్పక తప్పదు. ఫాబ్రియానో కాగితమును కనిపెట్టలేదు. ఇతరులు కనిపెట్టినదానిలోని లోపమును ఓపికతో కనుగొని, చేతితో సరిదిద్దినది. క్రొత్తదానిని కనుగొన్నవారికి లోకము జేజేలు పలుకును. ఉన్నదానిని నిలిచియుండునట్లు చేసినవారి పేరు ఎవరికిని తెలియదు. ఈ యూరి పనివారలలో పెక్కుమంది పేర్లు దక్కలేదు గాని, వారు చేసిన ఠావులు ఏడువందల యేండ్ల తరువాతను గ్రంథాలయములలో చెక్కుచెదరక యున్నవి. విద్యావంతులు ఎంత గొప్పవారో, వారి మాటకు నిలుకడ నిచ్చిన ఈ పనివారును అంత గొప్పవారే.

కావున పాఠకులకు నా మనవి యొక్కటే. ఇటలీకి పోవు సందర్భము కలిగినపుడు, మీ ప్రణాళికలో రెండుదినములు ఫాబ్రియానోకు కేటాయింపుడు. పరుగులిడక, మఠములోని ఆ తొట్టి చెంత కొంతసేపు నిలువుడు. పనివాడు అనుమతించినయెడల చట్రమును మీ చేతులతో ముంచి ఎత్తి చూడుడు.