ఎగుమతిదారుకి చేయూత సరే, మన గూటి ధర మాటేమి?



మొన్న పంట గూళ్ళు మార్కెట్టుకి ఎత్తుకుపోయినాం. గూడు గట్టిగా ఉండాది, డబుల్ గూళ్ళు, మరక గూళ్ళు ఏరేసే తీసుకుపోయినాం. అయినా వేలంలో రేటు మేము అనుకున్నంత రాలేదు. తెలిసిన రీలరును అడిగితే, "అమెరికాకి పోయే సరుకు ఆగిందన్నా, నూలు అడిగేవాళ్ళు తగ్గినారు" అన్నాడు. అమెరికా యాడ, మన చంద్రికలు యాడ అనుకుంటా ఇంటికొచ్చినాం.

ఆయన మాటలో కొంత నిజముంది. 2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకుల మీద 25 శాతం సుంకం వేసింది. ఆగస్టు 27 నుంచి ఇంకో 25 కలిపి 50 చేసింది. ముందు దెబ్బ తగిలింది ఆంధ్రా తీరంలోని రొయ్యల చెరువులకి. అక్కడ ఎగుమతిదారులు కొనుగోలు ధర తగ్గిస్తే రైతు మీద పడింది. బట్టల మిల్లులకీ అదే గతి. పట్టు సంగతి కొంచెం వేరు. 2023-24లో మన దేశంలో 38,913 టన్నుల ముడి పట్టు తయారైంది. పట్టు, పట్టు సరుకుల ఎగుమతి విలువ సుమారు 2,027 కోట్లు. మన పట్టులో ఎక్కువ భాగం చీరలై మన దేశంలోనే అమ్ముడుపోతుంది. అందుకని ప్రతి రేటు కోతకీ అమెరికా పేరు చెబితే నమ్మి తలూపాల్సిన పని లేదు.

ఎగుమతిదారులకి కేంద్రం సాయం ప్రకటించింది. 2025 నవంబరులో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌కి ఆరేళ్ళకి 25,060 కోట్లు ఒప్పుకున్నారు. బట్టలు, తోలు, నగలు, సముద్ర ఉత్పత్తుల వంటి వాటికి ముందు చోటు అన్నారు. దాంతోపాటు 20,000 కోట్ల దాకా అదనపు అప్పులకి పూచీ ఇచ్చే పథకం పెట్టినారు. మంచిదే. కొనేవాడు నిలబడితేనే నేసేవాడు, నూలు తీసేవాడు, మనం నిలబడతాం. కానీ ఆ డబ్బు బ్యాంకు నుంచి ఎగుమతిదారు దాకా వస్తుంది. అక్కడినుంచి గూటి ధరగా మన చేతికి రావాలని ఏ కాగితంలోనూ లేదు.

మాకు భయం ఇంకో దారిలో ఉండాది. మిల్లులకి ఊరట కోసమని 2025 ఆగస్టు 19 నుంచి పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసినారు. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించినారు. మిల్లుకి చవక, పత్తి రైతుకి పోటీ. అయినా పత్తికి మద్దతు ధర ఉంది. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల పట్టికలో పట్టుగూడు లేనేలేదు.

ఇదే పని పట్టుకి చేస్తే ఏమవుతుందో మనం చూసినాం. 2011-12 బడ్జెట్‌లో ముడి పట్టు సుంకం 30 నుంచి 5 శాతానికి దించినారు. చైనా నూలు దిగింది, గూటి ధర పడింది, కర్ణాటకలో రైతులు రోడ్డెక్కినారు. అప్పుడు మల్బరీ పీకి రాగి, టమాటా వేసినవాళ్ళు మనలోనే ఉన్నారు. 2013లో మళ్ళీ 15కి పెంచినారు. తర్వాత 10కి తగ్గిన సుంకాన్ని 2021 బడ్జెట్‌లో తిరిగి 15 చేసినారు. ఒక్క గీత మారితే మన షెడ్డు నిండేది, ఖాళీ అయ్యేది.

ఏటా ఫిబ్రవరి 1న బడ్జెట్ వస్తుంది. 4,679.86 కోట్లతో మొదలైన సిల్క్ సమగ్ర-2కి పెట్టిన గడువు 2025-26 దాకానే. అందుకని మూడు మాటలు మన ఎంపీల చెవిన వేద్దాం.

1. ఎగుమతిదారుకి అప్పులో, వడ్డీలో సాయం చేయండి. ముడి పట్టు సుంకం మాత్రం తగ్గించొద్దు.

2. షెడ్డు, చాకీ, డ్రిప్, రీలింగ్ యంత్రాల సాయం ఒక్క నెలైనా ఆగకూడదు.

3. గూటికి ఒక కనీస ధర నిర్ణయించండి.

మన చేతిలోదీ ఒకటుంది. బయటి నూలుతో పోటీ పడేది బైవోల్టిన్ గూడే. నాలుగో జ్వరం తర్వాత ఆకు కొరత, గాలి కొరత లేకుండా చూసుకుంటే నూలు పొడుగు వస్తుంది, గ్రేడు వస్తుంది. వేలం చీటీలు పారేయకండి. మూడు పంటల చీటీలు పక్కపక్కన పెడితే రేటు ఎంత పడిందో ఎవరికైనా చూపించొచ్చు. ఉత్త నోటిమాటకి ఆఫీసులో విలువ లేదు.

మీ మార్కెట్టులో రేటు ఎట్లుండాదో ఇక్కడే రాయండి. హోసూరు వైపైనా, కోలారు వైపైనా, అందరిదీ ఒకే గూడు కష్టం.