స్కేలు చెప్పిన లెక్క

ఆదోనిలో నాది కండ్లద్దాల అంగడి. ఎవరొచ్చినా చీటీలో నంబరు చూశాక ముక్కు మీద చిన్న స్కేలు ఆనించి, ఒక కంటిపాప నుంచి రెండో కంటిపాపకు ఎంత దూరమో కొలుస్తాను. మా భాషలో అది పీడీ. నంబరు సరిపోయినా పీడీ తప్పితే తలనొప్పులు మొదలైనట్టే.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకు చెల్లెలింటికి పోయాం. రంగులరాట్నం పక్కన గుడారంలో ఊగే కుర్చీ, ముఖానికి తగిలించే వీఆర్ పెట్టె. ఎనిమిదేండ్ల మేనల్లుడు ఎక్కిన ఐదు నిమిషాలకే దిగొచ్చి, "మామా, కడుపులో తిప్పుతాంది" అని నా చొక్కా పట్టుకున్నాడు. చెల్లెలు దిష్టి తగిలిందనింది. దిష్టి కాదు. కంటి ముందు బొమ్మ లోయలోకి దూకుతుంటే, చెవి లోపల తూకం చూసుకునే భాగానికి తెలిసింది కుర్చీ ఊపు మాత్రమే. రెంటికీ పొత్తు కుదరకపోతే కడుపు తిరుగుతుంది. ఘాట్‌రోడ్డు బస్సులో ఫోను చూసినవాళ్లకు ఇది కొత్తేం కాదు.

ఇంటికొస్తే అక్కడా ఒక పెట్టె. బెంగళూరు నుంచి వాళ్ల చిన్నాయన తెచ్చిన క్వెస్ట్ 2. బరువు అర కిలో. అందులో అద్దాలను మూడు దూరాల్లోనే జరపొచ్చు: 58, 63, 68 మిల్లీమీటర్లు. జేబులో స్కేలు ఎప్పుడూ ఉంటుంది, పిల్లోడి పీడీ చూశాను. 54. చొక్కా వదులైతే మడిచి తొడుగుతాం, అద్దాన్ని ఏం మడుస్తాం?

ఇంకో తిరకాసుంది. పెట్టెలో పులి దగ్గరికొస్తే రెండు కండ్లూ ముక్కువైపు తిరుగుతాయి. కానీ చూపు నిలవాల్సిన దూరం మాత్రం మారదు. పెద్దోళ్లకూ కండ్లు అలిసేది అందుకే. కండ్లు పోతాయని నేను భయపెట్టను. అలిసినా ఆట ఆపని వయసు వాడిది, అదీ నా బాధ. ప్లేస్టేషన్ వీఆర్‌కు కంపెనీ చెప్పే వయసు 12. క్వెస్ట్‌కు 13 ఉండేది, 2023లో అమ్మానాన్నల అదుపులో ఉండే ఖాతాతో 10కి దించారు.

చిన్నప్పుడు నేనూ 'చిన్నారి చేతన' త్రీడీ అద్దాలు పెట్టుకొని చూసినోణ్నే. కానీ హాలంతా ఒకే బొమ్మ చూసేది. ఈ పెట్టెలో వాడేం చూస్తున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో పక్కన కూర్చున్న అమ్మకు తెలీదు. పదేండ్లు నిండినాక ఇచ్చినా, లోపలి బొమ్మ నీ ఫోనులో కనపడేలా పెట్టుకోమని, పావుగంటకు మించనీయొద్దని చెల్లెలికి చెప్పాను.

"58 ఎప్పుడవుతుంది మామా?" అన్నాడు వాడు. అప్పటి నుంచి ఆదోని వస్తే చాలు, అంగడి స్టూలెక్కి ముక్కు ముందుకు పెడుతున్నాడు. నిన్న కూడా 54.