జగార్‌ను కాలేజీ వేదిక మీదికి తేవాలంటే

కాలేజీ నాటకానికి ‘ఆడవాళ్ల జ్ఞాపకాలు’ ఇతివృత్తంగా ఎంచుకుంటే మన దర్శకులు తరచూ చేసే పని ఒకటుంది. ఇరవై ఏళ్ల అమ్మాయి జుట్టుకు తెల్లరంగు పూసి, నడుం వంచి, స్పాట్‌లైట్ కింద కూర్చోబెట్టి ఏకపాత్ర చేయిస్తారు. చప్పట్లు పడతాయి, సందేహం లేదు. అయితే ఆడవాళ్లు పెద్ద పెద్ద కథలను తరతరాలుగా నోట నిలుపుకున్న చోట ఆ పని ఒంటరిగా జరగలేదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో పాడే లచ్మీ జగార్‌ను చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. బస్తర్ అనగానే మనకు దంతేశ్వరి అమ్మవారు, ఓరుగల్లు నుంచి వెళ్లాడని చెప్పుకునే కాకతీయ అన్నమదేవుడు గుర్తొస్తారు. ఈ పాట మాత్రం మన చెవిన పెద్దగా పడలేదు.

జగార్ అంటే ఎక్కువగా హల్బీ భాషలో సాగే సుదీర్ఘ కథాగానం. ఆఠే, తీజా, బాలి, లచ్మీ అని నాలుగు జగార్లున్నాయి. పాడేది ప్రధానంగా స్త్రీలే, వాళ్లను గురుమాయి అంటారు. లచ్మీ జగార్ వరికోతల తర్వాత రోజుల తరబడి సాగి, లక్ష్మీనారాయణుల పెళ్లితో ముగుస్తుంది. గురుమాయి సుక్దయి పాడిన కథను కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్, ఆస్ట్రేలియా మానవశాస్త్రవేత్త క్రిస్ గ్రెగొరీ కలిసి 2003లో పుస్తకంగా తెచ్చారు.

గురుమాయిలు వాయించే వాద్యం పేరు ధన్‌కుల్. చుట్టకుదురు మీద కుండ, కుండ మూతి మీద చేట, చేట మీద ఆనించిన విల్లు. విల్లు కర్రకు వరసగా గాట్లుంటాయి. ఒక చేత్తో వెదురు పుల్ల పట్టుకుని ఆ గాట్ల మీద గీస్తూ, రెండో చేత్తో అల్లెతాడు మీటుతారు. గరగరమనే గీత, కుండలోంచి గుమ్మని లేచే మోత కలిసి లయ అవుతాయి. ధాన్యం చెరిగే చేటే ధాన్యలక్ష్మి కథకు పక్కవాద్యం! రంగాలంకరణకు ఇంతకంటే ఏం కావాలి? కీబోర్డు జోలికి పోకపోతే చాలు.

దర్శకుడు అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది పాడేవాళ్ల సంఖ్య. ముందుండి నడిపేది పాట్ గురుమాయి, అందుకుని కలిసేది చేలీ గురుమాయి. మన బుర్రకథ వంతలు గుర్తొస్తారు గానీ, హాస్యం ఒకరు, రాజకీయం ఒకరు పంచుకునే పని కాదు చేలీది. పక్కన కూర్చుని, గొంతు కలిపి, ఆ కలపడంలోనే కథను తనది చేసుకుంటుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ కూడా అలా పుట్టిందే. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన స్త్రీలు చెబుతుంటే తర్వాతి తరం స్త్రీలు ఎదురుగా కూర్చుని అడిగారు, విన్నారు. కాబట్టి మన విద్యార్థినికి ముసలమ్మ వేషం అక్కర్లేదు. ఆమె చోటు చేలీ చోటే.

ఇక కథ కుదింపు. రోజుల పాటను గంటన్నరకు తెచ్చేటప్పుడు ప్రతి ఘట్టాన్నీ కొంచెం కొంచెం గీకేస్తే ఏదీ మిగలదు. ఒక్క ఘట్టం తీసుకుని, పునరుక్తులతో సహా పూర్తిగా ఆడటం మేలు. నా ఓటు సవతుల ఘట్టానికి. నారాయణ రాజుకు అప్పటికే 21 మంది రాణులు. వాళ్లు చిరుధాన్యాలకు, పప్పులకు, నూనెగింజలకు ప్రతీకలని పరిశోధకులు చెబుతారు. కొత్తగా వచ్చిన లచ్మి, అంటే వరి, వాళ్ల చేతిలో నానా బాధలూ పడుతుంది. ఒక్కో అమ్మాయికి ఒక్కో గింజ ఇవ్వండి. కొర్ర అందుకున్న అమ్మాయి వాళ్ల అమ్మమ్మనో నానమ్మనో అడిగి రావాలి: ఎవరు దంచేవారు, వరన్నం ఏ పండక్కి వండేవారు, ముందు ఎవరి కంచంలో పడేది? 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక ఇంట్లో ఏం మారింది? ఈ సవతుల పోరులో చివరికి ఎవరు నెగ్గారో మన పొలాలు చూస్తే తెలిసిపోతుంది.

అమ్మాయిలు ఇళ్ల నుంచి తెచ్చిన మాటలను శుద్ధి చేసి సంభాషణలుగా రాయకూడదు. రాయపూర్‌లో పుట్టిన నాటక దర్శకుడు హబీబ్ తన్వీర్ అంతటివాడే ఈ చిక్కు ఎదుర్కొన్నాడు. నాచా అనే జానపద నాటక కళాకారులకు హిందీ సంభాషణలు బట్టీ పట్టించి, ఎక్కడ నిలబడాలో గీత గీస్తే వాళ్ల నటన బిగుసుకుపోయింది. ఛత్తీస్‌గఢీలో, వాళ్ల ధోరణిలో వదిలేశాకే 1975 నాటి ‘చరణ్‌దాస్ చోర్’ లాంటి నాటకాలు సాధ్యమయ్యాయి. పాట్ పంక్తులు హల్బీలో ఉంచి, చేలీ వాటిని తన ఇంటి తెలుగులో అందుకుంటే ప్రేక్షకుడికి అర్థమూ అందుతుంది, పరాయి భాష చప్పుడూ మిగులుతుంది.

పెళ్లి ఘట్టాన్ని మాత్రం ముట్టుకోవద్దు. అక్కడ వరికంకులే పెళ్లికూతురు, గురుమాయి పూజారిణి. అది వాళ్ల పూజ, మన క్లైమాక్స్ కాదు. రిహార్సల్‌కు బస్తర్ నుంచి గురుమాయిని పిలిచే స్తోమత ఉంటే పాట్, చేలీ ఇద్దరినీ పిలవండి. దారిఖర్చులు, పారితోషికం ఇద్దరికీ సమానంగా లెక్క వేసుకోండి.